నిండిన సీటు జోలికి పోని పరీక్షలు

మా పక్కింటి అమ్మాయి అమలాపురంలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ఫోన్‌లో బస్సు సీటు ఎంచుకునే పేజీ ఒకటి తయారుచేసి, దానికి పరీక్షలు రాసి, ఆ సాయంత్రంలోగా ఓ కంపెనీకి పంపాలి. నచ్చితే ఇంటర్న్‌షిప్. పంపేముందు ఒకసారి చూడమని లాప్‌టాప్‌తో మా అరుగు మీదకి వచ్చింది. నేను ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. మా వీధిలో మిక్సీ పాడైనా నన్నే పిలుస్తారు.

ఈ పరీక్షలంటే, మనిషికి బదులు ప్రోగ్రామే సీట్లు నొక్కి చూడటం. అన్నీ పచ్చగా, అంటే పాసైనట్టు వచ్చాయి. క్లాసు క్లాసంతా నూటికి నూరు తెచ్చుకుంటే మాస్టారికి రావలసిన అనుమానమే నాకూ వచ్చింది. పేజీ ప్రోగ్రాములో, నిండిన సీటును ఇంకొకరికి ఇవ్వకుండా ఆపే వరసను ఆమె ఎదురుగానే తీసేసి, పరీక్షలు మళ్ళీ నడిపాను. అయినా అన్నీ పచ్చగానే ఉన్నాయి. బ్రేకులు పీకేసిన బండికి కూడా భేషుగ్గా ఉందని కాగితం రాసిచ్చేస్తున్నాయి.

"అయితే నా పని అయిపోయినట్టేనండీ," అంది నీరసంగా.

అయిపోవడానికి సాయంత్రం దాకా టైముందని ధైర్యం చెప్పి, తీసిన వరస తిరిగి పెట్టేసి, పరీక్షలు ఒక్కొక్కటే చదివాను. ప్రతిదీ ఖాళీ సీటునే నొక్కుతోంది. నిండినదాని జోలికి ఒక్కటీ పోలేదు. ఎందుకని అడిగాను.

"ఎవరో కూర్చున్నారు కదా అన్నయ్యా. లెమ్మంటే ఏం బాగుంటుందండీ?"

ఇంత మర్యాదస్తులైన పరీక్షల్ని నేను మా ఆఫీసులో చూడలేదు. రాజోలు బస్సుకి కిటికీలోంచి రుమాళ్ళు వేసి సీటు ఆపేవాళ్ళను ఎప్పుడూ చూడలేదా అన్నాను.

"ఆయ్, మా పిన్నిగారు ఓసారి గొడుగే వేసేరండి. అప్పటికే కూర్చున్నాయన ఒళ్ళో పడింది."

"ఆవిడ ఎలా నొక్కుతారో అలా రాయి."

రాసింది. నిండిన సీటు నొక్కించింది, పేజీ తట్టుకుంది. పేజీ ఇంకా తెరుచుకుంటుండగానే ఖాళీ సీటును టకటకా రెండుసార్లు నొక్కించింది. ఒకే మనిషికి రెండు టికెట్లు తెగాయి. మొదటిసారి ఎర్రగీత కనబడింది. ఏడుస్తుందనుకున్నాను. తెర మీదకి వంగి, "ఇదెలా జరిగిందండీ?" అని గంటసేపు నన్ను మర్చిపోయింది. తప్పు దిద్ది, కొత్త పరీక్షలతో సహా చీకటిపడకముందే పంపేసింది.

ఇంటర్న్‌షిప్ వచ్చింది. కంపెనీవాళ్ళు చేసిన పేజీలన్నిటినీ అడ్డదిడ్డంగా నొక్కి చూడటమే ఆమె పని. అమ్మాయికి ఏం ఉద్యోగమని అడిగేవాళ్ళకి ఏం చెప్పాలో వాళ్ళమ్మగారికి ఇంకా తేలలేదు.