దక్షిణపు బురుజు

సామ్యేలు ముప్పై ఆరేళ్లు ముంబై దగ్గరి భివండీలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. ఆ మోతకు చెవులు ఎప్పుడో పోయాయి. అయినా సాంచాల మధ్య ఎవరూ చెవులను నమ్ముకోరు. ఎదుటివాడి పెదవులు చూసి మాట పట్టుకుంటారు. సామ్యేలు ఇరవై అడుగుల అవతలి తిట్టు కూడా పట్టుకోగలడు, తెలుగైనా హిందీ అయినా మరాఠీ అయినా. ఇప్పుడు మాన్కోలిలో ఒక గోదాము గేటు దగ్గర కూర్చుంటాడు.

కొత్తగా వచ్చిన ప్రతి పనివాడికీ చాయ్ హోటల్లో ఒక కథ చెప్పేవాడు. అతనిది కరీంనగర్ వైపు, కోట ఉన్న ఊరు. ఆ కోటకు దక్షిణపు బురుజు కట్టినప్పుడల్లా కూలిందట. మనిషిని నిలబెట్టి కడితే తప్ప ఆగదని రాజుకు ఎవరో చెప్పారట. అప్పుడు ఊరి బయటి వాడ నుంచి సామ్యేలు తాతముత్తాతల్లో ఒకాయన నడిచి వచ్చి, "నా మీద కట్టుండ్రి" అన్నాడట.

"కోట రాజుది గావచ్చు. నిలవడ్డది మా తాత మీద" అని ముగించేవాడు. అదే ఊరివాడైన భూషణ్ పక్కనుంటే నిజమేనని తలాడించేవాడు. భూషణ్ ఇప్పుడు సేటు. నిజాంపురాలో ఇరవై నాలుగు సాంచాలున్నాయి.

దీపావళికి ఇక్కడ పిల్లలు వాకిళ్లలో మట్టికోటలు కడతారు. సామ్యేలు వాళ్లుండే వరస గదుల చాల్‌లో పోటీ పెడతారు. ఈసారి బహుమతి ఇచ్చేది భూషణ్. మిగతా పిల్లలు పాఠాల్లో చదివిన మరాఠా కోటలు కడుతుంటే, ఆరో తరగతి చదివే సామ్యేలు మనవరాలు శారోన్ తాత ఊరి కోట కడతానంది. సామ్యేలు సంబరంగా రాజు పేరు, ద్వారాల పేర్లు చెప్పాడు. ఆమె చీటీల మీద రాసి గుచ్చింది.

దక్షిణపు బురుజు మాత్రం నిలవలేదు.

"తాతా, మట్టి పడ్తనే ఉన్నది" అంటూ మూడోసారి తడిమట్టి ఎత్తుతుంటే భూషణ్ అటుగా వచ్చాడు.

"ఏం సామ్యేలూ, బురుజు కూలుతున్నదా? మీ ఇంట్ల ఎవర్నన్న నిలవెట్టరాదు. మీకు అలవాటే గదా!"

సామ్యేలు నవ్వాడు. శారోన్ నవ్వలేదు. భూషణ్ వెళ్లాక తాత ఎదుటికి వచ్చి, పెదవులు కనబడేలా నిలబడింది.

"ఆయన తనే పోయిండా తాతా? పట్టుకపోయిండ్రా?"

చిన్నప్పుడు సామ్యేలుకు తన నాయనమ్మ పెంటవ్వ ఇంట్లో చెప్పిన కథ వేరు. అందులో కల్లు తాగించారు. చేతులు కట్టారు. అతని పెళ్లాం మూడు రోజులు గోడ చుట్టూ తిరుగుతూ పిలిచింది. అదంతా చెప్పి పెంటవ్వ ఒట్టు వేయించుకుంది: "బయట మాత్రం తనే పోయిండని చెప్పు బిడ్డా. పట్టుకపోయిండ్రంటే నవ్వుతరు."

"తనే పోయిండు" అన్నాడు సామ్యేలు. "రేపు గట్లనే చెప్పు."

మరునాడు సాయంత్రం ఢోలు మోగుతోంది. మార్కులు వేయడానికి వచ్చిన రిటైరైన టీచరు సుశీలాబాయి నోటుబుక్కుతో ఒక్కో కోట దగ్గరా ఆగుతోంది. పక్కన భూషణ్. శారోన్ బురుజులో ఒక మట్టిబొమ్మను నడుము దాకా పూడ్చింది. సామ్యేలు జనం వెనక నిలబడి ఆమె పెదవులే చూశాడు. మరాఠీలో తడబడకుండా చెబుతోంది: ఆయన తానే వచ్చాడు, ఎవరూ బలవంతం చేయలేదు.

సుశీలాబాయి మెచ్చుకుని రాసుకుంది. భూషణ్ పక్కవాడి వైపు ఒంగి ఏదో అన్నాడు. ఢోలు మోతలో అది ఎవరికీ వినబడలేదు. సామ్యేలుకు కనబడింది.

"ఎవడు పొమ్మన్నడు? వాడే పోయిండు. గా జాతి గంతే."

సామ్యేలు జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. తన గొంతు తనకు వినబడని మనిషి. ఢోలును మించి అరిచాడు.

"పోలేదు! కల్లు తాపి, చేతులు కట్టి తీస్కపోయిండ్రు!"

ఢోలు ఆగింది.

"పండుగ పూట ఏందిది సామ్యేలూ?" అన్నాడు భూషణ్. "తనే పోయిండని ఇన్నేండ్ల సంది నువ్వే చెప్తివి గదా!"

"చెప్పిన. అబద్ధం చెప్పిన."

సుశీలాబాయికి తెలుగు రాదు. ఏమంటున్నాడని అడిగితే, శారోన్ బొమ్మ వైపు చూస్తూ ఆగి ఆగి మరాఠీలో చెప్పింది. బాయి రాసింది కొట్టేసి, ఇంకేదో అడిగింది. శారోన్ తాత వైపు తిరిగింది.

"ఆయన పేరేందని అడుగుతున్నది బాయి."

రాజు పేరు తెలుసు. నాలుగు ద్వారాల పేర్లూ తెలుసు. ఈ పేరు పెంటవ్వ ఎన్నడూ చెప్పలేదు, తనూ అడగలేదు.

తాత చూడలేదేమో అనుకుని శారోన్ ఇంకాస్త దగ్గరికి వచ్చి, పెదవులు నెమ్మదిగా కదిలిస్తూ మళ్లీ అడిగింది.