స్పిరిట్‌తో చెరిగిన పుట్టుమచ్చ

2021 ఎండాకాలం, మాస్కుల రోజులు. తడ అనే ఊరికి దగ్గర్లో ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో నేను ఎక్స్-రే టెక్నీషియన్‌ని. విరిగిన చేతులూ, దగ్గు ముదిరిన ఛాతీలూ మాకు రోజూ ఉండేవే. పుట్టిన తేదీ కాగితం లేనివాళ్లు కంపెనీల్లో పనికోసం వయసు ఎక్స్-రేకి వస్తుంటారు. చిన్న వయసులో మణికట్టు ఎముక చివర ఒక గీత కనిపిస్తుంది, దాన్ని గ్రోత్ ప్లేట్ అంటాం. పద్దెనిమిది వచ్చేసరికి అది దాదాపు మూసుకుపోతుంది.

ఆ రోజు మునస్వామి అనే ఆయన కూతురు వనజను తీసుకొచ్చాడు. డాక్టర్ గారు ఆ పిల్లను చూసి, గుర్తుగా ఎడమ బొటనవేలి కింద పుట్టుమచ్చ అని ఫారంలో రాశారు. ఆమె వేళ్ల చివర్లు తెల్లగా నాని, తోలు లేచిపోయి ఉన్నాయి. పులికాట్ సరస్సు వైపు రొయ్యలు ఒలిచే షెడ్డుల్లో ఐసు నీళ్లలో చేతులు పెట్టేవాళ్లకి అలాగే అవుతాయి.

"ఎన్నేళ్లమ్మా నీకు?" అని అడిగాను.

"పద్దెనిమిది నిండినాయి మేడమ్. దానికి సిగ్గు, ఏమన్నా ఉంటే నన్నడగండి" అన్నాడు తండ్రి. పిల్ల తల ఎత్తలేదు.

అప్పుడే కరెంటు పోయింది. మర్నాడు రమ్మన్నాను.

మర్నాడు వచ్చిన పిల్లకు మాస్కుతో పాటు తలమీద చున్నీ కూడా ఉంది. తండ్రి నాకంటే ముందే గదిలోకి దూరాడు.

"నేను ఈడే ఉంటా."

"కిరణాలు మీమీద కూడా పడతాయి."

కూతురి సంగతి అడగనే లేదు, తనమీద పడతాయనగానే బయటికి నడిచాడు మహానుభావుడు! ఒళ్లు మండిపోయింది. తలుపు వేసేశాను.

నిన్నటి పిల్ల కంటే ఈ పిల్ల కాస్త పొడుగనిపించింది. వేళ్ల చివర్లు కూడా బాగున్నాయి. ఒక్క రాత్రిలో తోలు మొలుస్తుందా? పుట్టుమచ్చ మాత్రం ఫారంలో రాసిన చోటే ఉంది. రిజిస్టర్‌లో వేలిముద్ర వేయించి, ఇంకు తుడుచుకోమని స్పిరిట్ దూది ఇచ్చాను. ఆ అమ్మాయి నా కళ్లలోకి చూస్తూ, బొటనవేలు వదిలేసి పుట్టుమచ్చ మీద గట్టిగా రుద్దింది. మచ్చ నల్లగా సాగి దూదికి అంటుకుంది.

"పెన్నుతో పెట్టినాడు మేడమ్, మా నాయన" అంది నెమ్మదిగా. "నేను వనజకి అక్కని, సుజాతని. దానికి పదిహేనే."

"నువ్వెందుకొచ్చావమ్మా?"

"రాకుంటే దాన్ని కొడతాడు. నాలుగేండ్ల ముందు నాకూ ఇట్లనే సేసినాడు. మా పెదనాయన కూతురి సెయ్యి పెట్టించి, నన్ను కంపెనీకి తోలినాడు. ఆ పొద్దు నేను బయట బెంచీమీదనే ఉంటిని. మీరు తలుపు తీస్తే సెప్పేద్దామనుకుంటి. మీరు బయటికి రాలేదు."

నేను తలుపు తీశాను. డాక్టర్ గారు మళ్లీ పిలిస్తే చూపించడానికేమో, తండ్రి పక్కన బెంచీమీద, చేతులు చున్నీలో దాచుకుని వనజ కూర్చుని ఉంది. "చేతులు చూపించమ్మా" అన్నాను. తండ్రి లేచాడు.

"నా బిడ్డలు, నా ఇష్టం. నువ్వెవరు అడిగేదానికి?"

ఆ పిల్ల ఆయన వైపు చూసింది, తర్వాత అక్క వైపు చూసింది. తర్వాత ఎడమ చేయి నా ముందుకు చాపింది. నిజం పుట్టుమచ్చ అక్కడ ఉంది.

డాక్టర్ గారు సర్టిఫికెట్ నిరాకరించి, పిల్లల సంరక్షణ అధికారులకు ఫోన్ చేశారు. వనజను బడి హాస్టల్లో చేర్చారు. సుజాత కూడా తండ్రి ఇంటికి తిరిగి వెళ్లలేదు.

అది జరిగిన రోజు సాయంత్రమే పాత రిజిస్టర్ తీశాను. సుజాత పేరు, ఎవరిదో వేలిముద్ర, కింద నా సంతకం. నేను అప్పుడు ఎముకను సరిగ్గానే చూశాను, చెయ్యి ఎవరిదో చూడలేదు. ఆ నాలుగేళ్లను నేను తిరిగి ఇవ్వలేను.

ఇప్పుడు వయసు ఎక్స్-రే వచ్చిందంటే, మెషిన్ ఆన్ చేయకముందే తలుపు తీసి బయటికి వెళ్తాను. బెంచీమీద ఎవరు కూర్చున్నారో చూసి, ఒక్కొక్కరినీ పేరు అడుగుతాను.