జపాను మొత్తానికి మొహింగా పెట్టిన వైనం

ఒక దేశంలోని నియోజకవర్గాలన్నింటినీ ఒక్క పూటలో భ్రష్టు పట్టించిన మహానుభావుణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే బర్మాలోని యాంగోన్ వచ్చి, తామ్వేలో మా ఇంటి మెట్లెక్కండి. కరెంటు కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంటాను.

ఆ రోజుల్లో నేను అంతర్జాలంలో ఒక తెలుగు విజ్ఞాన సర్వస్వానికి ఊరికే వ్యాసాలు రాసిపెట్టేవాణ్ని. దేని మీద? జపాను పార్లమెంటు నియోజకవర్గాల మీద! అవి లేక తెలుగు జాతి అంతా అన్నం మానేసి కూర్చుందని నా గట్టి నమ్మకం. జపాను ముఖమైనా చూడని నేను కాక ఆ లోటు ఇంకెవరు తీరుస్తారు చెప్పండి.

అన్నింటికీ ఒకే మూస తయారుచేశాను. పేరూ నంబరూ మారిస్తే కొత్త వ్యాసం సిద్ధం. మూస ఎలా కనిపిస్తుందో చూద్దామని, తన్లిన్‌లో మా పెద్దమ్మ ఉండే పేట గురించి నాలుగు ముక్కలు రాశాను: "ఇది నదికి అవతల ఉంది. వంతెన మీద బస్సులు కిక్కిరిసి పోతాయి. ప్రజలు పొద్దున్నే చేపల పులుసులో బియ్యపు సేమ్యా వేసిన మొహింగా తింటారు. కరెంటు వంతులవారీగా వస్తుంది."

తరువాత తీసేద్దామనుకున్నాను. ఇంతలో మా వీధికి కరెంటు పోయే వేళైంది. మా ఊళ్లో అన్నం ఉడకాలన్నా, నీళ్లు పైకెక్కాలన్నా, జ్ఞానం పంచాలన్నా కరెంటున్న ఆ కాసేపట్లోనే. గబగబా పేర్లు మార్చి అన్నీ ఎక్కించేశాను.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ కూతురు రాజీకి జపానులో ఒక ఊళ్లో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. పాపం, ఏడాదిగా ఆ భాష నేర్చుకుంటోంది. ఇంటిల్లిపాదీ ఆ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్నారు.

"అన్నియ్యా, ఆ వూరి గురించి ఏటడుగుతారో!" అంది.

"ఆ వూరి మీద నా వ్యాసముండగా నీకు బయమేటే? బట్టీ పట్టేయ్."

చదివి సంబరపడింది. "అచ్చం మన తన్లిన్ లాగే వుంది. నాకింక బెంగే వుండదు!"

అప్పుడైనా నా బుర్ర వెలిగిందా? లేదు. దానికీ కరెంటు లేదు.

ఇంటర్వ్యూ అవగానే ఫోన్ చేసింది. "ఏటి రాసినావన్నియ్యా? మా వూరి గురించి నీకేటి తెలుసని జపాను మేడమ్ అడిగితే మొత్తం అప్పజెప్పినాను."

"సబాసు!"

"ఏటి సబాసు! పొద్దున్నే మీరు మొహింగా తింటారు, మీకు కరెంటు వొంతులేసుకుని వొస్తాది అన్నాను. ఆవిడ నోరు తెరిసింది, మరి ముయ్యలేదు."

పెద్దమ్మ ఫోన్ లాక్కుంది. "ఒరే, నీ సదువు తగలెయ్య! నా కూతురి బతుకుతో ఆటలేట్రా?"

వ్యాసాలు తెరిచి చూశాను. ఉత్తరం నుంచి దక్షిణం దాకా జపాను జనమంతా మొహింగా జుర్రుకుంటున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దమ్మ గడప తొక్కే ధైర్యం లేక, తన్లిన్ బస్సు కనిపిస్తే తల తిప్పుకునేవాణ్ని.

చివరికి రాజీయే ఫోన్ చేసింది. "ఉద్యోగం వొచ్చిందన్నియ్యా! మా ముసిలోళ్లు నవ్వి సాన్నాళ్లయింది, నువ్వు తప్పకుండా రావాలి అంది ఆ మేడమ్. ఆ మొహింగా ఏటో వొండిపెట్టాలంట కూడా."

నా వ్యాసాలన్నింటినీ విజ్ఞాన సర్వస్వం వాళ్లు ఊడ్చి పారేశారు. ఇప్పుడు ఆ ఊళ్లో ముసలివాళ్లు ఆదివారం పొద్దున్నే రాజీ వండిన మొహింగా తింటున్నారు. అంటే నేను రాసింది అబద్ధం కాదు, కాస్త ముందుగా రాశానంతే.

అయినా సరే, ఇకమీదట ఏ దేశ ప్రజలకూ నా చేత్తో టిఫిను పెట్టనని మా పెద్దమ్మ మీద ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను. కరెంటు రాగానే ఈ ప్రమాణాన్నీ ఎక్కిస్తాను.