తరగని చుక్కల సీసా

చిటికెన వేలంత సీసాతో ఒక మనిషి తన రెండు కళ్ళనూ ఇంటి పరువునూ ఒకేసారి ఎలా గంగలో కలపబోయిందో చెబుతాను, వినండి. మొహమాటపడకుండా నవ్వండి. మూడేళ్ళ కిందటి నన్ను తలచుకుంటే నాకే నవ్వాగదు.

కార్వాన్ బస్తీలో మాకు ఎనిమిది బర్రెలు, పాల వ్యాపారం. వాటి వెనకే తిరిగి తిరిగి యాభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. దుకాణాల బోర్డులు చదవడం మొదలుపెట్టానో లేదో, రెండు కళ్ళలోనూ శుక్లాలు. అక్షరాలన్నీ పొగలో నిలబడ్డ మనుషుల్లా అయిపోయాయి.

"ఆపరేషన్ చేస్తే మళ్ళీ చదువుకోవచ్చమ్మా," అన్నాడు కంటి డాక్టరు. "కానీ కంట్లో ప్రెషర్ ఎక్కువుంది. ఈ చుక్కలు రెండు పూటలా వేసుకోండి. అది తగ్గితేనే ఆపరేషన్."

ఇంటికి రాగానే మా కోడలు సరిత, "నేనేస్తా అత్తమ్మా," అంది.

"నువ్వేందే వేసేది? ముక్కుకానించుకొని సీసా మీద పేరు సుత నేనే చదివిన. చుక్కేసుకునుడు రాదా నాకు?"

వేసుకున్నాను. పచ్చిమిరపకాయలు తరిగిన చేత్తో కన్ను నులుముకున్నట్టు భగ్గుమంది. మీరైతే ఏం చేసేవారు? డాక్టరుకు ఫోన్ చేసేవారు. నేను పాలమ్మే దాన్ని. చిక్కగా ఉన్నదాన్ని ఏం చేయాలో నాకు ఒకరు చెప్పాలా?

పిన్నీసుతో సీసా మూతి ఊడదీసి, కాచి చల్లార్చిన నీళ్ళు మెడ దాకా పోశాను. మంట తగ్గింది! మర్నాడు ఇంకాస్త పోశాను. వారం తిరిగేసరికి చుక్క కంట్లో పడిందో లేదో కూడా తెలియనంత హాయి. సీసా మాత్రం పెళ్ళింటి షర్బత్ డ్రమ్ములా ఎప్పుడు చూసినా నిండుగానే ఉండేది.

రెండు వారాలకు డాక్టరు మిషన్లో నా కళ్ళు చూసి మొహం చిట్లించాడు.

"అసలు తగ్గలేదే! రోజూ వేస్తున్నారా?"

"మా బర్రెల మీద ఒట్టు సార్. ఒక్క పూట తప్పలే."

"ఏదీ, సీసా ఇటివ్వండి." వెలుతురుకు పెట్టి చూశాడు. "ఇన్నాళ్ళు వేస్తే ఇంత నిండుగా ఎలా ఉందమ్మా?"

"మా అత్తమ్మ చేతిల బర్కత్ ఉంది సార్, ఏం ముట్టినా తరగది," అంది సరిత గర్వంగా.

డాక్టరు నవ్వలేదు. "ఆపరేషన్ ఇప్పుడు కుదరదు. ప్రెషర్ ఇలాగే ఉంటే కంటి నరం దెబ్బతింటుంది. పోయిన చూపు మళ్ళీ రాదు."

ఇక దాచలేక చెప్పేశాను. "కొన్ని నీళ్ళు కలిపిన సార్."

"నీళ్ళా!"

"మంచినీళ్ళే సార్. బోరు నీళ్ళు గావు."

"ఎంత కలిపారు?"

"ఎక్కువేం గాదు. పాలల్ల కలిపినంతే."

పక్కనున్న నర్సు నజ్మా నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"అమ్మా, మా ఇంటికొచ్చేది మీ పాలే కదా? అందుకేనా మా చాయ్ గట్లుంటది?"

"అది వేరే లొల్లి బిడ్డా. ముందుగాల నా కండ్ల సంగతి చూడుండ్రి."

"మందు పనిచేయకపోవడం సరే, ఆ నీళ్ళతో క్రిములు చేరితే కన్నే పోయేది!" అని డాక్టరు కడిగేశాడు. ఆ సీసా చెత్తబుట్టలో పడేసి కొత్తది రాశాడు. ఆ రోజు నుంచి సరిత, దూడకు గొట్టంతో మందు పట్టినట్టు, నా తల చంకలో ఇరికించుకుని చుక్కలు వేసింది. నేను కాళ్ళు కొట్టుకున్నా వదల్లేదు. ప్రెషర్ దిగింది. రెండు కళ్ళకూ ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ అయింది.

లోకమంతా కడిగి ఆరేసినట్టుంది. గోడ మీది క్యాలెండర్ గడగడా చదివేశాను. తర్వాత పాల క్యాన్ మూత తీసి అదిరిపోయాను.

"ఏందే సరితా, పాలు గింత పల్చగున్నయి? నీలంగ కొడ్తున్నయి!"

"రోజూ గట్లనే ఉంటయి అత్తమ్మా. నీళ్ళు పోసేది మీరే. ఇన్నొద్దులు మీకు కనపడలే, అంతే."

కాబట్టి అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో కంటి మందులో నీటి బొట్టు కలపను. పాల గురించి మాత్రం ఒట్టేయమని అడగకండి. కళ్ళు కొత్తవే గానీ, చేతులు పాతవే కదా.