రావ్నా బండికి తాడు లాగిన తమ్ముడు

రావ్నా పోయాక, ఉత్తర నార్వేలోని ఆ కారాషోక్ ఊళ్లో అందరూ ఆమె గురించి మంచిగానే చెప్పుకున్నారు. మొండి మనిషి అన్నారు, రెయిన్‌డీర్ జింకల మంద పక్కన ఉంటే ఆమెకు చలే తెలియదన్నారు. ఆ ఏప్రిల్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఆమె తమ్ముడు నిల్లాస్ పేరు కూడా ఎత్తాలి మరి.

అంతకుముందు చలికాలంలో ఒక మగ రెయిన్‌డీర్ పలుపు పట్టుకున్న ఆమెను ఈడ్చుకుపోతే కుడి భుజం జారిపోయింది. ఎముక కూర్చున్నా చేతికి మునుపటి ఊపు రాలేదు. మంచుబండి ఇంజను లేపే తాడు గుంజాలంటే ప్రాణం పోయేది. అందుకని మీట నొక్కితే లేచే కొత్త బండి కొనుక్కుంది. ఆ చలికి బ్యాటరీలు చచ్చిపోతాయని దానికి కెపాసిటర్ పెట్టారు. ఇంజను తిరుగుతున్నంతసేపూ అందులో కరెంటు నిండుతుంది. ఆపాక అరగంట నిలుస్తుంది. అది దాటితే మళ్లీ తాడే గతి. రోజూ పొద్దున మొదటిసారి కూడా తాడే.

ఆ మొదటి గుంజు తమ్ముడు నిల్లాస్‌ది. తెల్లవారుతూనే వచ్చి, ఎవరి కంటా పడకుండా లాగిపెట్టి వెళ్లిపోయేవాడు. కలిసి మంద కాసుకునే ఆ కుటుంబాల్లో, బండిని తనంతట తాను లేపుకోలేని మనిషికి ఒంటరి కాపలా ఇవ్వరు. కాపలా పోతే రావ్నాకు ఇక మందతో పనే లేదు.

"నీ భుజం సంగతి నా నోట రాదక్కా. నా నోరు గడ్డకట్టిందనుకో," అన్నాడతను.

"ఎండలొస్తే కరుగుతుందేమోరా," అని ఆమె నవ్వింది.

ఈనే రోజులు దగ్గరపడ్డాయి. చూలు జింకలు పడుకుని ఉంటే దూరాన ఇంజను ఆపేసి, వాటంతట అవి లేచేదాకా కదలకుండా కూర్చోవాలి. మధ్యలో మోత వింటే అవి బెదిరి పరిగెత్తి కడుపులు పోగొట్టుకుంటాయి. ఆలస్యమైతే నువ్వొచ్చి తాడు లాగాలని ఆ పొద్దున ఆమె తమ్ముడికి చెప్పింది. అతను సరేనన్నాడు.

లోయలో మంద పడుకుని ఉంది. ఇంజను ఆపి అరగంట దగ్గరపడుతుంటే రావ్నా మీట మీద బొటనవేలు పెట్టింది. ఒక ముసలి జింక తలెత్తి చూసి, మళ్లీ మంచు మీద గడ్డం ఆనించింది. రావ్నా వేలు తీసేసింది. నిల్లాస్ వస్తాడు కదా.

నిల్లాస్ వచ్చాడు. వెంట కాపలాల వంతులు చూసే పెద్దాయన అస్లాత్, ఇంకో ఇద్దరు. బండ్లు గుట్ట అవతలే వదిలి నడిచి వచ్చారు. పెద్దాయన గొంతు తగ్గించి, బండి లేపమని అడగను గానీ తాడు లాగగలవో లేవో చెప్పమన్నాడు. ఆమె తమ్ముడి వైపు చూసింది. అతను బూట్లకంటిన మంచు దులుపుకుంటున్నాడు.

"లాగలేను బాబాయ్," అంది.

ఆ మాట విని నిలవలేకనో, రోజూ చేసే పని చేతికి అలవాటైపోయో, నిల్లాస్ గబగబా వెళ్లి తాడు గుంజాడు. ఇంజను ఒక్కసారిగా మోగింది. లోయలోని మంద మొత్తం ఒక్క ఊపున లేచి, పొట్టలు ఊగుతుండగా పరుగు తీసింది. చూస్తుండగానే లోయ ఖాళీ అయింది.

"గుట్ట వెనక ఎంతసేపు కూర్చున్నార్రా?" అని అడిగింది రావ్నా.

"అరగంట దాటేదాకా. నీ మంచికేనక్కా, ఎప్పుడో ఒక రోజు ఈ బయల్లో పోయేదానివి."

"అయితే పొద్దున ఇంటి దగ్గరే లాగనని చెప్పాల్సింది. ఇంట్లోనే ఆగిపోయేదాన్ని."

ఆమె వంతు ఇకనుంచి నిల్లాస్ అల్లుడు చూస్తాడని అస్లాత్ నెమ్మదిగా చెప్పాడు. అల్లుడికి ఒక కాపలా వంతు ఇప్పించాలని నిల్లాస్ చలికాలమంతా ఆయన చుట్టూ తిరిగాడని రావ్నాకు అప్పుడు ఆయన నోటనే తెలిసింది.

ఆమె బండి వెనక కట్టిన, మంచు మీద జారే స్కీలు విప్పుకుని కాళ్లకు తొడుక్కుంది. బండిమీద రమ్మని తమ్ముడు రెండుసార్లు పిలిచాడు. ఆమె చెదిరిన జింకల అడుగుజాడలు పట్టుకుని లోయలోకి దిగింది. వెనక బండి మోగుతూనే ఉంది. దాన్ని ఆపమని కూడా ఆమె ఎవరికీ చెప్పలేదు.