వేట ఆగినా ఆగని వాయిదా

నిరుడు ఎండాకాలం, వేట నిషేధం ఇంకో వారంలో ముగుస్తుందనగా జరిగిన సంగతి ఇది. మాది నాయుడుపేట నుంచి తూర్పుకు పోతే వచ్చే సముద్రపు ఒడ్డు పల్లె. అక్కడ ఒక చిన్న గదిలో నేను బ్యాంకు కస్టమర్ పాయింట్ నడుపుతాను. అంటే బ్రాంచి లేని ఊళ్లో బ్యాంకు పని చేసిపెట్టే కొట్టన్నమాట. ఒక ల్యాప్‌టాప్, ఒక వేలిముద్ర మిషను, నెత్తిమీద కిర్రుకిర్రుమనే ఫ్యాను, అంతే నా ఆఫీసు. చదివింది పదో తరగతే. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను గానీ బ్యాంకు మాటలు మాత్రం వినీ వినీ నోటికొచ్చేశాయి.

చేపలు గుడ్లు పెట్టే కాలమని ఎండాకాలంలో, ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు పడవలు సముద్రంలోకి పోకూడదు. ఆ రోజుల్లో ఇల్లు గడవడానికి వేటకు పోయే ఇళ్లకు ప్రభుత్వం భృతి వేస్తుంది. అది ఇంటి ఆడవాళ్ల అకౌంట్లలో పడిన రోజు నా గది ముందు తిరునాళ్లే. ఆడవాళ్లందరూ ఒక్కసారే వస్తారు. ఉప్పునీళ్లకు, పొలుసు గీకి గీకి, వాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. మిషను ఒక పట్టాన ఒప్పుకోదు.

"ఒసే, చెయ్యి కడుక్కోని రాండే! మీ జిడ్డుకి రూతమ్మ మిషను జారిపోతాంది!" అని నా పేరెత్తి వెనక నుంచి ఒకామె అరిస్తే, ముందున్నామె "నీ ఏలుకి గీతలుంటే గదమ్మే, తలరాతతో పాటు అవీ అరిగిపోయినాయి" అంది. అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వుల్లోనే కావేరక్క వంతు వచ్చింది.

కావేరక్క మొగుడు ఆర్ముగం అన్నకు సొంత పడవ ఉంది. నిషేధం రోజుల్లోనే దాని ఇంజను విప్పి నాయుడుపేటలో మెకానిక్‌కి ఇచ్చారు. పని అయిపోయింది. డబ్బు చేతిలో పెడితేగానీ ఇంజను ఇవ్వనన్నాడు మెకానిక్. సముద్రం తెరిచిన రోజుకి ఇంజను లేకపోతే పడవ ఒడ్డునే ఉంటుంది. దాని మీద ఆధారపడ్డ నాలుగు ఇళ్లూ ఒడ్డునే ఉంటాయి.

"మీ అన్న పొద్దన్నే పోయి ఆడ కూసోనుండాడు. మొత్తం తీసియ్యి పాపా. ఒక్క రూపాయి కూడా మీ బ్యాంకోళ్లకి ఉంచమాక" అంటూ వేలు పెట్టింది.

మిషను పచ్చగా వెలిగింది. స్క్రీన్ మీద మాత్రం అకౌంట్లో సరిపడా డబ్బు లేదని వచ్చింది.

"ఇంకో ఏలు పెట్టేదా?"

"వేలు బానే తీసుకుందక్కా. డబ్బే లేదంటాంది."

"తమాషా చేయమాక మే. డబ్బులు పడినట్టు మెసేజి వచ్చిందని మీ అన్నే చెప్పినాడు."

బ్యాలెన్స్ చూశాను. కొన్ని వందలు. మళ్లీ చూశాను, అంతే. ఆ మాట నేను మెల్లగానే చెప్పాను గానీ, వెనక నిలబడ్డామె చెవిన పడింది. "కావేరి డబ్బులు ఎవురో కొట్టేసినారంట!" అని ఒక్క కేక. ఇంకేముంది, వరుస విరిగిపోయింది. అందరూ మీదపడి వేళ్లు చాపేస్తున్నారు. ఒక ముసలమ్మ నా ల్యాప్‌టాప్ పట్టుకుని "ముందు నావి ఉండాయో లేదో చెప్పు" అని ఏడుపు మొదలుపెట్టింది.

నాకూ మోసమనే అనిపించింది. "ఫోన్ చేసి ఎవరైనా నంబరు అడిగారా అక్కా? చెప్పావా?" అన్నాను.

"నాకు నంబర్లే తెలవవు గదే, ఇంక చెప్పేదేంది!"

మినీ స్టేట్‌మెంట్ తీశాను. అంటే అకౌంట్లో చివరగా జరిగిన కొన్ని జమలు, ఖర్చుల చీటీ. భృతి పడింది, నిజమే. దాని వెంటనే వరసగా కోతలు. చిన్నవి కొన్ని, పెద్దవి కొన్ని. పెద్దవన్నీ ఒకే ఫైనాన్స్ కంపెనీ పేరు మీద.

"అక్కా, ఫైనాన్స్‌లో ఏమన్నా కొన్నావా?"

"ఫ్రిజ్జు. నీకు చల్లటి నీళ్లిచ్చినా గదా, మరిచిపోయినావా?"

"ఇంకా?"

"మీ అన్నకి ఫోను. మళ్లా బట్టలుతికే మిషను. అంతా ఒక్క కార్డే గదా మే!"

అక్కడే మొదటి దెబ్బ. వాయిదాల మీద కొనుక్కోమని ఫైనాన్స్ వాళ్లిచ్చిన కార్డు ఒక్కటే, అప్పులు మూడు. కొన్న ప్రతి వస్తువుకీ వేరే వాయిదా, వేరే ఆటో డెబిట్. ఆటో డెబిట్ అంటే, తేదీ రాగానే మనల్ని అడక్కుండా అకౌంట్ నుంచి వాయిదా కోసుకోమని మనమే ముందుగా ఇచ్చిన అనుమతి. ఆ రోజు డబ్బు లేకపోతే అది వెనక్కి తిరిగిపోతుంది. తిరిగిపోయిన ప్రతిసారీ బ్యాంకు బౌన్స్ ఛార్జీ రాసుకుంటుంది. ఫైనాన్స్ వాళ్లు మళ్లీ ప్రయత్నిస్తారు, మళ్లీ బౌన్స్. వాళ్ల ఆలస్య రుసుము వేరే. మూడు అప్పులూ నిషేధం పొడుగునా ఇలా తిరిగి తిరిగి, అకౌంట్లో రూపాయి ఎప్పుడు పడుతుందా అని కాచుక్కూర్చున్నాయి. పడింది భృతి.

"ఎందుకు కట్టలేదక్కా?"

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఏట లేదు గదే! ఏట లేనప్పుడు ఎవురు కడతారు?"

ఆమె అన్నది మా ఊళ్లో నిజమే. ఇక్కడ వలలకూ పడవలకూ సావుకారు డబ్బు ఇస్తాడు, పట్టిన చేపల్లో కోసుకుంటాడు. చేప లేని రోజుల్లో అడగడు. తరతరాలుగా వాళ్లకు తెలిసిన అప్పు అదొక్కటే.

"కొనేటప్పుడు అడిగినా పాపా. ఏట ఆపినప్పుడు ఎట్టా అబ్బయా అని కొట్లో పిల్లోణ్ణి అడిగినా. చూసుకుందాంలే అక్కా అన్నాడు."

మిగతావాళ్లకు డబ్బులిచ్చేసి, గది మూసి, ఆమెతో నాయుడుపేట బయల్దేరాను. ఆమె ఆ వస్తువులు కొన్న కొట్లో ఏసీ చల్లగా కొడుతోంది, గోడ నిండా టీవీలు. ఆ అబ్బాయి నవ్వుతూ ఎదురొచ్చాడు. సంగతి చెప్పగానే నవ్వు పోయింది.

"చూసుకుందాంలే అన్నావు గదయ్యా!" అంది కావేరక్క.

"అన్నానేమో అక్కా. అంటే... మీరు చూసుకుంటారని."

నా చెంప మీద ఎవరో కొట్టినట్టయింది. సావుకారు నోట ఆ మాట వస్తే, ఆ భారం ఆయనది. ఈ అబ్బాయి నోట వస్తే, కొనడానికొచ్చిన మనిషి వెళ్లిపోకుండా అనే మాట. మాట ఒకటే. దాన్ని నమ్మి ఈమె మూడు సంతకాలు పెట్టింది.

ఆ కొట్లోనే ఒక మూల ఫైనాన్స్ ఆయన కూర్చుంటాడు. నేను పోట్లాటకు సిద్ధపడే వెళ్లాను. ఆయనేమో కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, అంతా తీసి చూపించాడు. "తేదీలు, ఛార్జీలు అన్నీ ఇందులో ఉన్నాయమ్మా. గడువుకు ముందే వచ్చి వేట లేదని చెప్పుంటే, తేదీ మార్చమనో, గడువు పొడిగించమనో పైకి రాసేవాణ్ణి. ఒప్పుకుంటారో లేదో తర్వాత సంగతి. కోసుకున్న వాయిదాలు తిరిగి రావు. ఆలస్య రుసుము తగ్గించమని మాత్రం అడిగి చూస్తా" అన్నాడు.

పొద్దుటి నుంచీ నేను దొంగ కోసం వెతుకుతున్నాను. దొంగే లేడు. అది అన్నిటికన్నా పెద్ద దెబ్బ నాకు. ఎవరినన్నా తిట్టి, కేసు పెట్టి, డబ్బు వెనక్కి తెచ్చే దారి ఉంటుందనుకున్నాను. లేదు.

మెకానిక్ షెడ్డు దగ్గర ఆర్ముగం అన్న ఇంజను పక్కనే గోనెపట్టా మీద కూర్చుని ఉన్నాడు. కావేరక్క చెప్పింది విని, కాసేపు ఆ ఇంజనునే చూసి, "అయితే ఫ్రిజ్జుకి మూతేసుకోని దాన్నే సముద్రంలోకి తోసుకోని పోదామా?" అన్నాడు. మెకానిక్ నవ్వాడు. కావేరక్క ఏడ్చింది.

చివరికి అన్న సావుకారుకే ఫోన్ చేశాడు. అటు నుంచి ఆయన "చూసుకుందాంలే ఆర్ముగం" అనడం నాకూ వినపడింది. సాయంత్రానికి ఇంజను వచ్చింది. కానీ ఆ మాట కూడా ఊరికే రాలేదు. సీజనంతా చేపలు ఆయనకే వేయాలి, మార్కెట్ రేటు కన్నా తక్కువకి. అది కాగితం మీద రాయని వడ్డీ.

తర్వాత బ్యాంకు బ్రాంచిలో అర్జీ పెడితే కొన్ని బౌన్స్ ఛార్జీలు వెనక్కి వేశారు. ఫైనాన్స్ వాళ్లు కొంత రుసుము తగ్గించారు. భృతి అయితే పోయినట్టే.

ఆ రోజు తర్వాత నేను మారాను. అంతకుముందు ఎవరన్నా ఫైనాన్స్‌లో ఏదన్నా కొన్నామంటే, బాగుందక్కా అనేదాన్ని. ఇప్పుడు అడుగుతాను: వాయిదా ఏ తేదీ, ఎన్నాళ్లు, బౌన్స్ అయితే ఎంత, వేట లేని నెలల్లో ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది. ఎవరన్నా నోటి మాట ఇస్తే కాగితం మీద రాయించుకోమంటాను. కట్టలేమని తెలిసినప్పుడు తేదీ రాకముందే వెళ్లి చెప్పమంటాను, సిగ్గుపడి దాక్కోవద్దంటాను. అప్పు తప్పని చెప్పను. ఫ్రిజ్ ఉంటే చేప చెడదు, కావేరక్కకు అది అక్కరే. కానీ జీతం వచ్చే మనిషి కోసం తయారుచేసిన వాయిదాని, సముద్రం చూసి బతికే మనిషి ఊరికే నెత్తికెత్తుకుంటే ఏమవుతుందో కళ్లారా చూశాను.

మొన్న చలికాలంలో రొయ్య బాగా పడింది. కావేరక్క కొంగులో నోట్లు ముడేసుకుని వచ్చి, ఏప్రిల్‌లో చేతికొచ్చేట్టు డిపాజిట్ వెయ్యమంది.

"దేనికక్కా?"

"మే నెల వాయిదాకి."

"ఇప్పుడు జనవరే గదక్కా!"

"మీ కంప్యూటర్‌కి జనవరి. నాకు ఏట ఉండే నెల" అని వేలు చీర చెంగుకు తుడుచుకుని, మిషను మీద పెట్టింది.