ఫ్లెక్సీ వెనకాల ఆరుగురు ఆడోళ్లు

ఇయ్యాల ఎల్బీ నగర్‌ల నా ఎగ్జిబిషన్ మొదలైంది. రంగు గాజు ముక్కలు అతికించి ఆరుగురు మహిళా కళాకారుల బొమ్మలు చేసిన. అందులో ఒకామె మా నల్లగొండ దిక్కు యాదమ్మ, ఊరి గోడలన్నిటికీ బొమ్మలేసినామె. నిన్ననే అన్నీ హాల్ కిటికీలకు బిగించి పోయిన. వెనకాల నుంచి ఎండ పడితేనే గాజుకు పానం.

పొద్దున పోయి చూస్తే బొమ్మలన్నీ నల్లగున్నయ్. ముఖ్య అతిథికి స్వాగతమని కిటికీల బయట పొడుగునా ఫ్లెక్సీ కట్టిన్రు. దాని మీద పద్నాలుగు మంది మగోళ్ల మొకాలు.

“జర విప్పున్రి అన్నా, ఎండ రావాలె” అని హాల్ మేనేజర్‌ని అడిగిన.

“అమ్మో, అండ్ల సార్ ఫొటో ఉన్నది, విప్పితే పరేషాన్ అయితది మేడమ్. ట్యూబ్‌లైట్లు ఏస్త తియ్” అన్నడు.

బయటికి పోయి, స్టూలెక్కి, తాళ్లన్నీ నేనే కోసిన.

అతిథి రానే ఒచ్చిండు. తన ఫొటో కోసం అటూ ఇటూ చూసి, యాదమ్మ ముందు ఆగిండు. ఆమె చీర ఎరుపంతా ఆయన తెల్లచొక్కా మీద పడ్డది. దులుపుకున్నడు గానీ పోలే.

ఆదివారం దాకా ఉంటయ్, పొద్దున్నే రాండ్రి. ఫ్లెక్సీ మళ్ల కట్టి కనబడితే నాకు ఫోన్ చెయ్యకున్రి. విప్పి చూడున్రి.